గుడివాడ నాటకంలో చెకుముకి తుపాకి

బందరులో మోషే చేసే ఉద్యోగమేమిటో ఉయ్యూరులో ఉన్న అతని అత్తగారికి ఎంత చెప్పినా అంతుపట్టేది కాదు. "మా అల్లుడు తుపాకుల దగ్గరుంటాడమ్మా" అని ఆవిడ ఇరుగుపొరుగుతో అనేది. వాళ్లు అతను పోలీసనుకునేవారు. ఆవిడ అవుననేదీ కాదు, కాదనేదీ కాదు.

నిజానికి మోషే బందరు చరిత్ర సంఘం వారి మ్యూజియంలో కేర్‌టేకరు. సంఘమంటే పాత సంగతుల మీద ఇష్టమున్న కొందరు పెద్దమనుషులు. మ్యూజియమంటే రేవుకు వెళ్లే దారిలో, ఒకప్పటి వర్తకుడి మేడలో కింది హాలు. అందులో అద్దకం అచ్చులూ, డచ్చివాళ్ల నాటి పింగాణీ పళ్లేలూ, పాత ఓడల దీపాలూ ఉండేవి. గోడవారగా పొడుగాటి గాజు పెట్టెలో మూడు తుపాకులు ఉండేవి. మోషేకు మిగతా వస్తువులన్నీ ఒక ఎత్తు, ఆ పెట్టె ఒక్కటీ ఒక ఎత్తు.

మూడింటిలో ఒకటి వత్తి తుపాకి. రగులుతున్న తాడు అంటిస్తే గాని పేలని రకం. రెండోది కాలవ తవ్వుతుంటే బురదలో దొరికింది, సగం తుప్పే. మూడోది అతని ప్రాణం. నిలబెడితే మనిషి భుజం దాకా వచ్చే చెకుముకి తుపాకి. ఎప్పుడో బందరు కోటలో కొలువు చేసిన సిపాయి వంశం వాళ్లు తరతరాలుగా దాచుకుని, చివరికి సంఘానికి ఇచ్చారు. దాని కర్ర నేరేడుపండు రంగులో నిగనిగలాడేది. నిప్పు లోపలికి పోయే రంధ్రాన్ని పోలీసువారి సలహా మీద సీసంతో పూడ్చేశారు కనుక అది ఇక పేలేది కాదు. కాని మీటా, గుర్రమూ మాత్రం ఇంకా పనిచేసేవి. గుర్రమంటే చెకుముకిరాయిని కరుచుకుని ముందుకు దూకే ఇనప ముక్క. మోషే వాటికి వారం వారం కొబ్బరినూనె రాసేవాడు.

చూడ్డానికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. ఎండకు తాళలేక వచ్చేవాళ్లూ, కుండలో చల్లటి నీళ్ల కోసం వచ్చేవాళ్లూ, కోర్టులో పిలుపు వచ్చేదాకా కాస్త నడుం వాల్చడానికి వచ్చేవాళ్లూ ఉండేవారు. వాళ్లను చూడగానే మోషే ఆశగా లేచి, "ఇది చెకుముకి తుపాకండీ" అని మొదలుపెట్టేవాడు. "అలాగా" అని వాళ్లు నీళ్లు తాగి వెళ్లిపోయేవారు. చెప్పవలసిన మాటలన్నీ అతని దగ్గరే మిగిలిపోయేవి. వాటిని ఇంటికి మోసుకొచ్చి భార్య రూతుకు చెప్పేవాడు.

రూతు మిషన్ బడిలో చిన్న తరగతుల టీచరు. నవ్వు ముఖం మనిషి.

"ముందు మందు పొట్లాన్ని పళ్లతో కొరకాలి రూతూ. పళ్లు సరిగా లేనివాణ్ని సైన్యంలోకే తీసుకునేవాళ్లు కాదు."

"నిన్న చెప్పారుగా. ముందు ఆ ముద్ద నోట్లో పెట్టుకోండి. పులుసు చల్లారిపోతోంది."

పైకి అలా అనేదే కాని ఆ మాటలన్నీ రూతుకు కంఠస్థమైపోయాయి. బడిలో అల్లరి మితిమీరిన రోజున ఆవిడ పాఠం ఆపి చెకుముకి తుపాకి సంగతి మొదలుపెట్టేది. క్లాసు కిక్కురుమనేది కాదు. ఆ రహస్యం భర్తకు చెప్పలేదు. చెబితే అతను బడికి కూడా వచ్చేస్తాడని భయం.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, దసరా వెళ్లిన తరువాత, సంఘం అధ్యక్షుడు ప్రకాశరావుగారు మ్యూజియానికి వచ్చారు. ఆయన ప్లీడరీ మానుకున్న పెద్దమనిషి. హాలంతా ఒకసారి కలియజూసి, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, నెమ్మదిగా అన్నారు.

"మోషే, నేనొకటి ఆలోచించాను. ఇక్కడ నాలుగు పేపర్లు వేయించి, బల్లలు వేస్తే జనం వస్తారు. ఈ ఇనప గొట్టాల కోసం ఎవరొస్తారు చెప్పు. క్రిస్మస్ వెళ్లాక దీన్ని రీడింగ్ రూము చేద్దాం. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. పేపర్లు సర్దుతూ ఉందువుగాని."

"మరి తుపాకులండీ?"

"మా ఇంటి వెనక షెడ్డులో పెట్టె ఒకటుంది. అందులో పెట్టిద్దాం."

ఆ రోజు మోషే ఇంట్లో తుపాకి మాట ఎత్తలేదు. రూతు రెండుసార్లు అతని ముఖం చూసి, తనే, "పొట్లం కొరికాక ఏం చేసేవాళ్లో చెప్పరేం?" అని అడిగింది. అతను షెడ్డు సంగతి చెప్పాడు.

వారం తిరక్కుండానే గుడివాడ నుంచి మల్లికార్జునరావు అనే ఆయన వచ్చాడు. ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా, నాటకాల్లో రాజు. మిల్లులో ఎలా ఉంటాడో గాని బయట ఎక్కడ నిలబడినా స్టేజీ మీద నిలబడినట్టే ఉంటాడు. 'బందరు కోట' అని తనే ఒక కొత్త నాటకం రాసుకున్నాడు. కోట తలుపులు శత్రువులకు తెరిచిన ద్రోహిని కిల్లేదారు, అంటే కోట అధికారి, చివరి రంగంలో కాల్చి చంపుతాడు. కిల్లేదారు వేషం మల్లికార్జునరావుదే.

"మొన్న కైకలూరులో కర్ర తుపాకితో ఆడామండి. గురి పెట్టేసరికి దానికి పూసిన రంగంతా నా చేతికి అంటుకుంది. జనం ఒకటే నవ్వు. అసలైన తుపాకి మీ దగ్గర ఉందటగా. రెండు రోజులు ఇప్పించండి."

"ఇవ్వడానికి లేదండీ" అన్నాడు మోషే. "సంఘం ఉద్యోగి తప్ప ఇంకొకరు వస్తువులు ముట్టుకోకూడదు. రూలు. అదిగో గోడ మీద."

మల్లికార్జునరావు గోడ మీది రూలు చదివి, తిన్నగా ప్రకాశరావుగారింటికి వెళ్లాడు. అక్కడ వసారాలో నిలబడి నాటకంలో పద్యం ఒకటి రాగం తీసి పాడాడు. ప్రకాశరావుగారికి పద్యమంటే ఎక్కడలేని మోజు. రెండో పద్యం అడిగి పాడించుకుని, కాఫీ ఇప్పించి, మోషేకు కబురు పెట్టారు.

"తీసుకెళ్లు మోషే. ఎలాగూ షెడ్డుకు పోయేదేగా, ఒకసారి లోకం చూసి రానియ్యి. కాని రూలు రూలే. నీ చెయ్యి తప్ప దాని మీద ఇంకో చెయ్యి పడకూడదు."

నాటకం రోజున మోషే, రూతు గుడివాడ రైలెక్కారు. వాళ్లతో నూరుల్లా కూడా ఉన్నాడు. నూరుల్లాది బందరులో బాణసంచా కొట్టు. నాటకాల్లో ఎక్కడ పేలుడు కావాలన్నా తెర వెనక ఉండేది అతనే. మోషే వాళ్ల వీధిలోనే ఉంటాడు. ఒకరికొకరు ఏమీ కాకపోయినా మోషే అతన్ని మావయ్యా అంటాడు, అతను అల్లుడూ అంటాడు.

తుపాకిని రూతు పెళ్లినాటి దుప్పట్లో చుట్టి, మోషే ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. ముసురు పట్టి కిటికీలన్నీ మూసేశారు. రైలు పెట్టె నిండా జనం. ఎదురుగా కూర్చున్న రైతు చాలాసేపు దుప్పటి వంక చూసి, "తంబురాయా బాబూ?" అని అడిగాడు.

"కాదు బాబాయిగారూ, తుపాకి" అంది రూతు.

పెడన వచ్చేసరికి వాళ్ల చుట్టూ రెండు బల్లలు ఖాళీ అయిపోయాయి. రూతు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఏవండీ, ఇకమీదట ఎక్కడికి వెళ్లినా దీన్ని తీసుకెళ్దాం" అంది.

నూరుల్లా మాత్రం నవ్వడం లేదు. ఒళ్లో ఉన్న రేకు డబ్బాను తువ్వాలుతో మాటిమాటికీ ఒత్తుతున్నాడు. "ఈ ముసురేంటో అల్లుడూ. టపాకాయలకు చెమ్మ తగిలితే నా పరువు పోతుంది" అన్నాడు.

గుడివాడలో మార్కెట్టు దగ్గర మైదానంలో పందిరి వేసి ఉంది. నాటకం వాళ్లంతా అప్పటికే వేషాల్లో ఉన్నారు. మల్లికార్జునరావు జరీ తలపాగాతో, నడుముకు కత్తితో ఎదురొచ్చి, దుప్పటి విప్పగానే రెండు చేతులూ చాచాడు. మోషే తుపాకిని వెనక్కి లాక్కున్నాడు.

"మీ చెయ్యి పడకూడదండీ."

"నా చెయ్యి పడకుండా నేనెలా కాల్చేదండీ?"

"అది నాకు తెలియదండీ. ప్రకాశరావుగారు చెప్పారు."

"ఇక్కడ ప్రకాశరావుగారు లేరు కదయ్యా."

"నేనున్నాను కదండీ."

మల్లికార్జునరావు బతిమాలాడు. కోప్పడ్డాడు. పద్యం కూడా పాడాడు. మోషే మీద పద్యాలు పనిచేయలేదు. ద్రోహి వేషం వేసిన కాంపౌండరు తోమాసు గడ్డం అతికించుకుంటూ ఇదంతా వింటున్నాడు. "ఇంత గొడవెందుకండీ? ఆయన్నే సిపాయిగా నిలబెట్టండి. మీరు కాల్చు అనండి, ఆయన కాలుస్తాడు. ఎవరు కాల్చినా చచ్చేది నేనేగా" అన్నాడు.

మోషే చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినా నాలుగు మాటలకే కూర్చుండిపోయే మనిషి. రూతు వైపు చూశాడు, వద్దంటుందేమోనని.

"డైలాగులున్నాయాండీ?" అని అడిగింది రూతు మల్లికార్జునరావుని.

"ఒక్కటీ లేదమ్మా. ఊరికే నిలబడ్డమే."

"అయితే వేస్తారు లెండి. మ్యూజియంలో చేసే పనీ అదేగా."

పెళ్లిళ్లలో బ్యాండు వాయించేవాళ్ల ఎర్ర కోటు ఒకటి దొరికింది. దాని చేతులు మోషేకు మోచేతుల కిందికి కాస్తే వచ్చాయి. రూతు పైగుండీ పెట్టి, మీసం గీసి, కాస్త దూరం నుంచి చూసి, "ఉయ్యూరులో మా అమ్మ చూస్తే ఇన్నాళ్లకు మీ ఉద్యోగం అర్థమయ్యేది" అని చెప్పి ఆడవాళ్ల వైపుకు వెళ్లి చాప మీద కూర్చుంది.

దీపాల వేళకు నాటకం మొదలైంది. మొదటి రంగం నుంచీ మోషే బురుజు బొమ్మ గీసిన తెర పక్కన తుపాకి నిలబెట్టుకుని కదలకుండా ఉన్నాడు. దోమలు కుట్టినా కదల్లేదు. ముందు వరసల్లో కొంతసేపు అతను మనిషా, మట్టి బొమ్మా అని తగువు జరిగింది. తుమ్మాడు కాబట్టి మనిషేనని తేలింది. తరువాత తుపాకి అసలుదా, కర్రదా అని ఇంకో తగువు మొదలైంది. అది తేలేలోగా చివరి రంగం వచ్చేసింది.

తోమాసు తాళాల గుత్తి చేత్తో పట్టుకుని కోట తలుపు దగ్గర దొరికిపోయాడు. మల్లికార్జునరావు రెండు పద్యాలు అందుకున్నాడు. చప్పట్లు పడ్డాయి. కత్తి పైకెత్తి, "సిపాయీ, ఈ ద్రోహిని కాల్చు" అన్నాడు.

మోషే తుపాకి భుజానికి ఆనించి మీట నొక్కాడు. గుర్రం టక్కుమని పడింది. తెర వెనక నుంచి తుస్సుమని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

తోమాసు అప్పటికే గుండె పట్టుకుని సగం వంగాడు. పేలుడు వినపడకపోయేసరికి పడాలో లేవాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

"కాల్చు" అన్నాడు మల్లికార్జునరావు ఇంకాస్త గట్టిగా.

టక్. తుస్సు.

"ఆయనకు కడుపునొప్పిలా ఉంది, పాపం" అన్నారెవరో జనంలో. నవ్వు ముందు వరసలో మొదలై వెనక్కి పాకింది. మల్లికార్జునరావు ముఖం రంగు కింద కూడా ఎర్రబడింది. ఆయన మోషే పక్కకు వచ్చి పళ్లు బిగబట్టి, "ఏదో ఒకటి చెయ్యండి మహానుభావా" అన్నాడు.

మోషే తన చేతిలోని తుపాకి వంక చూశాడు. జనం వంక చూశాడు. ఇంతమంది ఒక్కసారిగా ఆ తుపాకి వైపు చూడడం అతను ఎప్పుడూ చూడలేదు. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"మందు తడిసిందండీ" అన్నాడు. నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లతో మాట్లాడేటప్పటి గొంతే అది. "ఇది చెకుముకి తుపాకండీ. ముసురు పట్టిందంటే దీంతో ఇదే చిక్కు. ఆ రోజుల్లో సిపాయిలు కూడా యుద్ధం మధ్యలో ఇలాగే నిలబడిపోయేవాళ్లు. మళ్లీ మందు కూరాలి. కూరుతాను, చూడండి."

నవ్వు ఆగింది. మల్లికార్జునరావుకు అర్థమైంది. ఎన్నో స్టేజీలు ఎక్కినవాడు. కత్తి తోమాసు మెడ మీద ఆనించి, "కానియ్యి సిపాయీ. అందాకా వీడెక్కడికీ పోడు" అన్నాడు. తోమాసు హాయిగా నిటారుగా నిలబడ్డాడు.

మోషే కోటు జేబులోంచి లేని పొట్లం తీశాడు. "ఇది మందూ, గుండూ కలిపి చుట్టిన కాగితప్పొట్లం. పళ్లతో కొరకాలి." కొరికాడు. "చిటికెడు మందు ఈ చిన్న గిన్నెలో పోసి మూత వెయ్యాలి. మిగతాదంతా గొట్టంలోకి. దాని మీద గుండు. ఇప్పుడీ కడ్డీతో దంచాలి." తుపాకి కిందనున్న ఇనప కడ్డీని సర్రున లాగి గొట్టంలోకి దింపాడు.

"రోట్లో కారం దంచినట్టేనా బాబూ?" అంది ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు.

"అంతేనమ్మా. కాకపోతే ఎదురుగా శత్రువులు కాలుస్తూ ఉంటారు."

ఆడవాళ్ల మధ్య రూతు పెదవులు కదుపుతోంది. "ఇప్పుడు కడ్డీ మళ్లీ కిందికి" అని గొణిగింది. మోషే కడ్డీని మళ్లీ కిందికి దూర్చాడు. పక్కావిడ రూతు వైపు తిరిగింది. "మీకెలా తెలుసండీ?"

"మా ఇంట్లో రోజూ భోజనం దగ్గర యుద్ధమేనండీ" అంది రూతు. నవ్వబోయింది గాని, ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు గుర్రాన్ని వెనక్కి లాగాలి" అంటున్నాడు మోషే.

"గుర్రమేదయ్యా, కనపడదే?" అని అరిచాడు ముందు వరసలో ఒక రైతు.

"ఇదేనండీ గుర్రం. రాయి కరుచుకుని ఉంది చూడండి. దీనికి గడ్డి అక్కర్లేదు, వారానికోసారి కొబ్బరినూనె చాలు."

పందిరంతా ఘొల్లుమంది. తను చెప్పిన మాటకు జనం నవ్వడం మోషేకు అదే మొదటిసారి. నడుం నిటారుగా పెట్టి, తుపాకి ఎత్తి, తోమాసుకు గురిపెట్టాడు.

ఈ లోపల తెర వెనక నూరుల్లా డబ్బా అడుగున గుడ్డలో చుట్టి దాచిన మూడు టపాకాయలు పైకి తీశాడు. ఒకటి పేలకపోతే ఇంకొకటైనా పేలుతుందని మూడూ కలిపి కట్టి, ఇనప మూకుడులో పెట్టి, ఊదువత్తి పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"కాల్చు" అన్నాడు మల్లికార్జునరావు.

మూడూ పేలాయి. పందిరి అదిరింది. మార్కెట్టు కప్పుల మీది కాకులన్నీ లేచిపోయాయి. బురుజు తెర తాళ్లు తెగి, మెల్లగా వంగి, కోట మొత్తం మల్లికార్జునరావు తలపాగా మీద వాలింది. తోమాసు నటించవలసిన పని లేకపోయింది. నిజంగానే ఉలిక్కిపడి వెల్లకిలా పడ్డాడు. పొగలోంచి ఎర్ర కోటు ఒక్కటే కనపడుతోంది.

తరువాత వెనక వరసల్లోంచి ఒక కేక వచ్చింది. "వన్స్ మోర్."

ఆ మాట మల్లికార్జునరావుకు కొత్త కాదు. తెర కిందనుంచి తల బయటపెట్టి, గొంతు సవరించుకుని, తన పద్యం ఎత్తుకున్నాడు.

"పద్యం కాదండీ" అన్నారు జనం. "తుపాకి. మందు కూరడం దగ్గర్నుంచి."

మల్లికార్జునరావు పెద్దగా నవ్వేసి, తోమాసును కాలితో తట్టి, "లేవయ్యా, మళ్లీ చావాలట" అన్నాడు. తోమాసు బట్టలు దులుపుకుని లేచాడు. మోషే మళ్లీ పొట్లం కొరికాడు. ఈసారి జనం కూడా కలిసి, "ఇప్పుడు గుండు, ఇప్పుడు కడ్డీ" అంటూ వచ్చారు. నూరుల్లా దగ్గర టపాకాయలు అయిపోయాయి గనక మూకుడు మీద కర్రతో ఒక్కటి వేశాడు. అయినా తోమాసు మొదటిసారి కంటే బాగా చచ్చాడు.

ముగింపు పాట అయ్యాక జనం ఇళ్లకు వెళ్లకుండా స్టేజీ చుట్టూ మూగారు. మోషే అంచున కూర్చుని తుపాకిని మోకాళ్ల మీద పెట్టుకుని, అడిగినవాళ్లకల్లా జవాబు చెబుతున్నాడు. ఒక ముసలావిడ దగ్గరికి వచ్చి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ముట్టుకోవచ్చా బాబూ? మా తాత కోటలో సిపాయి అనేవాళ్లు. ఇలాంటిదే ఉండేదేమో."

మోషే నోటిదాకా రూలు వచ్చింది. ఆవిడ వేళ్లు చూశాడు. వరి కోతల్లో కాయలు కాచిన వేళ్లు.

"నేను పట్టుకునే ఉన్నానమ్మా" అన్నాడు. "మీరు చెయ్యి ఆనించండి."

ఆవిడ కర్ర మీద అరచెయ్యి పెట్టి, పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరింది. ఆవిడ వెనక ఎవరూ చెప్పకుండానే జనం వరస కట్టారు.

మర్నాడు బందరు రాగానే మోషే ప్రకాశరావుగారింటికి వెళ్లి నిలబడ్డాడు.

"చేతులు పడ్డాయండీ" అన్నాడు.

"ఎవరివి?"

"గుడివాడలో చాలామందివండీ."

ప్రకాశరావుగారు పేపరు దించి అతని వంక చూశారు. ఏమంటారోనని మోషే బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. ఆయన తిరిగి పేపరెత్తుకుంటూ, "అయితే ఈ వారం నూనె కాస్త ఎక్కువ రాయి" అన్నారు.

ఆ శనివారం గుడివాడ రైల్లో వచ్చినవాళ్లు తిన్నగా మ్యూజియానికి వచ్చారు. కుండ వైపు చూడలేదు. "ఆ తుపాకాయన ఉన్నారాండీ?" అని అడిగారు. పై వారం గుడ్లవల్లేరు నుంచి వచ్చారు. మల్లికార్జునరావు నాటకం తిరగరాసి సిపాయికి పేరూ, ఇంకో రంగమూ పెట్టాడు. అవనిగడ్డలో ఆడినప్పుడు ప్రకాశరావుగారు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. పద్యానికి తల ఊపారు గాని, వన్స్ మోర్ అన్నది మాత్రం మందు కూరినప్పుడే. రీడింగ్ రూము మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. పేపర్లు మాత్రం రెండు వేయించారు, వరసలో నిలబడ్డవాళ్లు చదువుకుంటారని.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పాలకాయతిప్ప నుంచి యాకోబు అనే జాలరి వచ్చాడు. తాటాకు చాపలో చుట్టిన బరువైనదేదో భుజాన మోసుకొచ్చి, మోషే ముందు దింపాడు. మట్టి, గవ్వలు, ఆల్చిప్పలు కరుడుగట్టిన మూరెడు ముద్ద అది.

"వలలో పడిందండీ. అవనిగడ్డలో మీ నాటకం చూశాను. ఇది తుపాకేనంటారా?"

మోషే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక చివర వంపు తిరిగి ఉంది. "తుపాకి కావచ్చు యాకోబూ. ఓడ కొక్కెమైనా కావచ్చు. నాకు తెలియడం లేదు."

"తుపాకి కాకపోతే పారేస్తారా?"

"ఎందుకు పారేస్తాను? సముద్రంలోంచి ఇంత దూరం వచ్చింది. ఏదైతే అదని రాసి పెడతాను."

హాల్లో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. నూరుల్లా ఏదో పని మీద వచ్చి, అది పిస్తోలేనని పందెం కాశాడు. బడి వదిలి వచ్చిన రూతు వంగి చూసి, ఏమీ అనకుండా వెళ్లి పెద్ద బేసినుతో నీళ్లు తెచ్చింది. మోషే చిన్న ఉలి తీసుకుని, మొదటి ఆల్చిప్ప కింద మెల్లగా తట్టాడు. అది ఊడి బేసినులో పడింది. రెండోదీ పడింది. ముద్ద ఇంకా ముద్దలాగే ఉంది.

"నీకు బస్సు వేళ అవుతోందేమో" అన్నాడు మోషే, తల ఎత్తకుండా.

"బస్సు రేపైనా ఉంటుందండీ" అంటూ యాకోబు గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

అతని వెనకనే, తుపాకి చూడ్డానికి గుడివాడ నుంచి వచ్చినవాళ్లిద్దరు కూర్చున్నారు. నూరుల్లా చాప దులిపి పరిచాడు. రూతు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చూసుకుంటూ, "ఏవండీ, అన్నం ఎంతమందికి వండమంటారు?" అని అడిగింది.

మోషే హాలంతా కలియజూశాడు. ఎవరూ లేచేలా లేరు.